బాత్‌టబ్ కిందా? పైనా?

మా కొత్త ఇంటి గోడలు లేస్తున్నాయి. కింద రెండు పడకగదులు, పైన రెండు. వంటగది, పూజగది ఎక్కడ రావాలో సిద్ధాంతిగారు ఒక్క పూటలో తేల్చేశారు. నెల రోజులుగా తెగనిది ఒక్కటే, బాత్‌టబ్!

పైన తన గది పక్కనే ఉండాలని మా అమ్మాయి పట్టు. మావారిదీ అదే మాట. ఇంజనీరుగారేమో లెక్క చెప్పారు. లీటరు నీళ్ళు కిలో బరువు. తొట్టి, అందులో రెండు వందల లీటర్ల నీళ్ళు, మనిషి కలిస్తే మూడు వందల కిలోల పైమాటే. పైన పెట్టేట్టయితే శ్లాబు వేయకముందే చెప్పాలన్నారు. అన్నీ విని మా అత్తయ్య ఒక్క మాట అడిగారు.

"అది సరే గానీ, దాన్ని తోమేదెవరే అమ్మాయ్?"

అందరం నవ్వేశాం. కానీ రాత్రి పడుకున్నాక ఆ మాటే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. అసలు ఇంట్లో స్నానం ఎక్కడ చెయ్యాలో ఇన్నాళ్ళూ ఎవరు నిర్ణయించారు? చిన్నప్పుడు చదివిన చరిత్ర పాఠాల నుంచి మొదలుపెట్టి, దొరికిందల్లా చదివాను.

మొహెంజోదారో అనగానే మనకు గుర్తొచ్చేది ఆ పెద్ద స్నానవాటిక. పన్నెండు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు. నాకు మాత్రం దానికన్నా అక్కడి మామూలు ఇళ్ళే ఎక్కువ నచ్చాయి. సుమారు 4500 ఏళ్ళ కిందటే చాలా ఇళ్ళలో స్నానానికి ఇటుకలు పరిచిన గచ్చు ఉంది. నీళ్ళు నిలవకుండా దాన్ని ఒక మూలకి వాలుగా కట్టారు. ఆ గది ఎక్కువగా వీధి గోడ వైపే ఉండేది. వాడిన నీళ్ళు గోడలోంచి నేరుగా వీధి కాలువలోకి పోవాలి కదా! కొన్ని ఇళ్ళ గోడల్లో పై అంతస్తు నుంచి నీళ్ళు దిగడానికి మట్టి గొట్టాలు కూడా దొరికాయి. అంటే పైన కూడా నీళ్ళు వాడేవారన్నమాట. నీళ్ళు కిందకి పోవడానికి గొట్టం ఉంది. మరి పైకి? ఏ కుండతోనో, ఎవరో మోసుకెళ్ళాల్సిందే.

నీళ్ళు పైకి ఎక్కాలంటే ఎప్పుడూ ఎవరో ఒకరు కష్టపడాలి. మన గోల్కొండ కోటకి వెళ్ళినవాళ్ళు గోడల్లో మట్టి గొట్టాలు చూసే ఉంటారు. కింది నుంచి అంచెలంచెలుగా నీళ్ళు తోడి పై తొట్లలో పోసి, అక్కణ్ణించి గొట్టాల్లో వదిలేవారు. సుల్తానుల ఇంట్లో ఆ ఏర్పాటు కుదిరింది. మామూలు ఇళ్ళలో ఆ పని ఆడవాళ్ళ చంకలోని బిందె చేసింది.

అందుకే మన పాత ఇళ్ళలో స్నానం ఇంట్లో ఉండేది కాదు, దొడ్లో ఉండేది. నుయ్యి అక్కడే, కాగు పెట్టిన పొయ్యి అక్కడే. పొగ ఇంట్లోకి రాదు. స్నానం చేసిన నీళ్ళు అరటి చెట్లకీ, చేమదుంపల మడికీ పోయేవి. మనం అంటూ, మడీ అని చెప్పుకున్నా, నాకైతే నూతికీ పొయ్యికీ ఎంత దగ్గరైతే అంత మోత తగ్గుతుందన్న లెక్కే అందులో ముందు కనిపిస్తుంది.

మా అత్తయ్య పదిహేడేళ్ళకి కాపురానికి వచ్చారు. ఎనిమిది మంది ఉన్న ఇల్లు. తెల్లారకముందే లేచి, చేదతో తోడి కాగు నింపి, కొబ్బరి డొక్కలతో మంట పెట్టేవారు. తాటాకుల దడి చాటున మామగారికి వేణ్ణీళ్ళు తొరిపి పెట్టడం, తర్వాత మరుదులకి, పిల్లలకి. "నా వంతు వచ్చేసరికి కాగు అడుగు కనిపించేది. పొయ్యీ చల్లారిపోయేది" అన్నారు. ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఈ బాత్‌టబ్ మోజు మనకి వచ్చింది ఎక్కడినుంచో కదా అని ఇంగ్లండు ఇళ్ళ గురించీ చదివాను. విక్టోరియా రాణి కాలంలో డబ్బున్నవాళ్ళు పడకగదిలోనే, చలిమంట ముందు చిన్న తొట్టి వేయించుకునేవారు. వేణ్ణీళ్ళు కింద వంటింట్లో కాగేవి. పనమ్మాయిలు డబ్బాలతో మెట్లెక్కి మోసేవారు. స్నానం అయ్యాక మురికి నీళ్ళు మళ్ళీ కిందకి మోసేవారు. 1868లో బెంజమిన్ మాన్ అనే ఆయన గ్యాస్ మంటతో అప్పటికప్పుడు నీళ్ళు కాచే యంత్రం చేసి, ఐస్‌లాండు వేడినీటి బుగ్గల పేరు పెట్టాడు. మన ఇళ్ళలోని గీజరుకి ఆ పేరు అలా వచ్చిందే.

కూలి కుటుంబాల్లో సంగతి వేరు. రేకు తొట్టి పెరటి గోడ మేకుకి వేలాడేది. వారానికోసారి దించి వంటింటి పొయ్యి ముందు పెట్టేవారు. ఒకసారి నింపిన నీళ్ళలోనే ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసేవారు. 1918లో అక్కడి ప్రభుత్వం కొత్త ఇళ్ళు ఎలా కట్టాలో ఆలోచిస్తూ ఒక మహిళా ఉపసంఘాన్ని వేసింది. వాళ్ళు వెళ్ళి ఇల్లాళ్ళనే అడిగారు. స్నానానికి విడిగా ఒక గది కావాలన్నది ఆ ఇల్లాళ్ళ కోరికల్లో ఒకటి. అయినా ఖర్చు తగ్గించుకోవడానికి చాలా ఇళ్ళలో తొట్టిని గిన్నెలు తోమే గదిలోనే పెట్టి, పైన చెక్క మూత వేసి బల్లలా వాడుకున్నారు. 1951 జనాభా లెక్కల నాటికి కూడా బ్రిటన్‌లో మూడోవంతుకు పైగా కుటుంబాలకి ఇంట్లో సొంత స్నానపు తొట్టి లేదట!

ఇదంతా చదివాక అత్తయ్య ప్రశ్న అర్థమైంది. కుళాయి వచ్చాక మోత పోయింది కాబట్టి తొట్టిని ఎక్కడైనా పెట్టుకోవచ్చనుకున్నాం. కానీ తోమడం పోలేదు. తడి నేల తుడవడం, పిల్లలు ఆడుతుంటే పక్కన కాపలా ఉండటం పోలేదు. పొద్దస్తమానం ఆ పని చేసేవాళ్ళు ఉండేది కింద వంటింట్లో. తొట్టి పైన ఉంటే నేను రోజుకి ఎన్నిసార్లు మెట్లెక్కాలో ఇంజనీరుగారి లెక్కలో లేదు.

మర్నాడు ఇదే ఇంట్లో చెప్పాను. అమ్మాయి మూతి ముడిచింది. పైన తనకి మంచి షవరు పెట్టిస్తామన్నాం. తొట్టి కింద, వంటగది వెనక, దొడ్డి వైపు గదిలో. అదే గదిలో అత్తయ్యకి తొట్టి ఎక్కి దిగే బాధ లేకుండా విడిగా కుళాయి, కూర్చోవడానికి ఎత్తు పీట, గోడకి పట్టుకునే కమ్మీ. ఇరవై అయిదు లీటర్ల గీజరుతో తొట్టి నిండదు కాబట్టి మేడ మీద సోలార్ హీటరు. ఇక తోమడం సంగతి. స్నానం చేసినవాళ్ళే తోమాలి, మావారితో సహా. ఆయన ముందు నన్నూ, తర్వాత వాళ్ళమ్మనీ చూసి, సరేనన్నారు.

నిన్న మేస్త్రీ వచ్చి నేల మీద సుద్దతో గీత గీశాడు. అత్తయ్య కర్ర ఊతంతో వచ్చి అంతా చూశారు. అక్కడే నిలబడి, వేణ్ణీళ్ళ కుళాయి తన పీటకి అందేట్టు పెట్టమన్నారు. తర్వాత గోడ అవతలి దొడ్డి చూపించి, "నీళ్ళు ఇటు పోనివ్వు నాయనా, రెండు అరటి పిలకలు పాతిస్తాను" అన్నారు.