అనంతపురం బోరునీళ్లలో ఫ్లోరైడ్

అనంతపురం పీఠభూమి కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు, నైసు రాయి. ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం వంటి ఖనిజాల రూపంలో ఆ రాతిలో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్లలో నీరు ఏళ్ల తరబడి నిలిచిపోతే ఆ ఫ్లోరిన్ మెల్లగా ఫ్లోరైడ్‌గా నీటిలో కరుగుతుంది. నీటిలో కాల్షియం దండిగా ఉన్నచోట ఫ్లోరైడ్ దానితో కలిసి గడ్డకట్టి విడిపోతుంది. కాల్షియం తగ్గి, సోడియం, బైకార్బనేట్ పెరిగిన నీటిలో ఆ అడ్డు ఉండదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమలో కొత్తనీరు దిగి పాతనీటిని పలుచన చేయడమూ అరుదే.

బోర్లు రాకముందు ఊళ్లు పైపొరల నీటితోనే బతికాయి. వానలకు నిండే చెరువులు, చెరువు కింద ఊరే దిగుడుబావులు, పెన్న, చిత్రావతి నదుల ఇసుకలో తీసిన చెలమలు తాగునీటిని ఇచ్చేవి. పొలాలకు కపిలతో తోడేవారు. ఏ బావి నీళ్లు తాగాలో, ఏవి గొడ్లకు వదిలేయాలో నాలుకే తేల్చేది. ఉప్పునీటి విషయంలో ఆ తీర్పు సరైనదే. ఫ్లోరైడ్‌కు మాత్రం రుచి, వాసన, రంగు లేవు. పైగా ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీరు చాలాసార్లు మెత్తగా ఉంటుంది, పప్పు తొందరగా ఉడుకుతుంది, సబ్బుకు బాగా నురుగొస్తుంది. మంచినీళ్లకు జనం చెప్పుకునే గుర్తులన్నీ అందులో కనిపిస్తాయి.

ఇలా ఫ్లోరైడ్ ఎక్కువైన నీటితో వచ్చే జబ్బును మనదేశంలో వైద్యులు మొదట గుర్తించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు 1937లో దాని వివరాలు ప్రచురించారు. పిల్లల పళ్లమీద గార, పెద్దల వెన్ను, కీళ్లు బిగుసుకుపోవడం, ఆ ఊళ్ల బావినీళ్లలోని ఫ్లోరైడ్, ఇవన్నీ ఒకే వరుసలోకి వచ్చాయి. అనంతపురమూ ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోదే, దాని కిందా అలాంటి రాయే. అయినా ఊరూరా నీటిని పరీక్షించే ఏర్పాటు దశాబ్దాల తర్వాత గానీ రాలేదు. ఆ జాప్యానికి మూల్యం చెల్లించింది ఆ కాలంలో ఎదిగిన పిల్లల ఎముకలు.

దిగుడుబావులను వదిలించడానికి బలమైన కారణమే ఉంది. మెట్లు దిగి నీళ్లలో కాళ్లు పెట్టే అలవాటువల్ల నారికురుపు వ్యాపించేది. 1970ల తర్వాత బోరు బండ్లు, చేతిపంపులు పల్లెలకు చేరాయి. బోరింగు నీటితో నారికురుపు పోయింది, కలరా భయం తగ్గింది. అదే సమయంలో సేద్యపు బోర్లు పోటీపడి వందల అడుగుల లోతుకు దిగాయి. లోతునీరు రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీరు, అందులో ఫ్లోరైడ్ కూడా ఎక్కువే. రోగక్రిములు లేవని తాగిన నీటిలోనే కంటికి కనబడని ఈ విషం ఉంది.

దాన్ని పట్టే పద్ధతుల్లో పల్లెలకు అందుబాటులోకి వచ్చింది రంగు పరీక్ష. గాజు గొట్టంలో నీళ్లు పోసి జిర్కోనియం-అలిజరిన్ ద్రావణం కలిపితే ఎరుపు రంగు వస్తుంది. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఎరుపు వెలిసి పసుపుకు తిరుగుతుంది. ఆ రంగును పక్కనున్న నమూనా రంగులతో పోల్చి అంకె చెబుతారు. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతి.

శుద్ధి విషయంలో పేరుపడింది నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970ల నడుమ రూపొందించిన నల్గొండ పద్ధతి. నీటికి సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి మొదట జోరుగా, తర్వాత నిదానంగా తిప్పుతారు. పటిక తుట్టెలు కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది, పైనీటిని వడకడతారు. 1980లో అప్పటి అనంతపురం జిల్లాలోని కదిరిలో ఈ పద్ధతితో ఊరంతటికీ సరిపడే కేంద్రం వెలిసింది. పద్ధతి మంచిదే. అయితే ఏ రోజు నీటికి ఎంత పటిక వేయాలో తెలిసిన మనిషి, అడుగున చేరిన ఫ్లోరైడ్ బురదను పారబోసే చోటు రోజూ ఉండాలి. చిన్న పల్లెల్లో ఈ రెండూ నిలకడగా దొరకలేదు.

మనుషుల వల్ల నీరు చెడిన చోటుతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. పెట్రోలు బంకులో భూమిలోని ట్యాంకు కారితే మూలం తెలుస్తుంది. చుట్టూ పరిశీలన బావులు వేసి బెంజీన్ వంటివి ఎంతదూరం పాకాయో చూస్తారు, ట్యాంకు తీసేసి, తడిసిన మట్టి తవ్వి, నీటిని తోడి శుద్ధి చేస్తారు. అనంతపురంలో విషపు మూలం కొండంత రాయి. తవ్వి తీసేయడానికి లేదు. అందుకే ఇక్కడ భూమిలోని నీటిని బాగుచేయడం కన్నా వేరే నీటిని తేవడమే పనికొచ్చింది. 1995 నవంబరులో అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు పుట్టపర్తిలో ప్రారంభించిన శ్రీ సత్యసాయి తాగునీటి పథకం అప్పటి అనంతపురం జిల్లాలోని 700కు పైగా గ్రామాలకు గొట్టాలు వేసింది. గొట్టం నీళ్లు రాని రోజు ఊరు మళ్లీ బోరు దగ్గరకే వెళ్తుంది.

2003 తర్వాత ఏడు జిల్లాల్లో నడిచిన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల నిర్వహణ కార్యక్రమంలో అనంతపురమూ ఉంది. రైతులే వానమాపకాలు చూసి, పరిశీలన బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు ఊరి నీటిలెక్క కట్టుకున్నారు. ఆ కొలతలు ప్రధానంగా మట్టానివే. అయినా మట్టం దిగకపోతే ఇంకా లోతైన నీటిని తోడాల్సిన అవసరం తప్పుతుంది కాబట్టి ఫ్లోరైడ్‌కూ అవి సంబంధం ఉన్న లెక్కలే.

ఈమధ్య ఊరూరా నీటిని సన్నని పొర గుండా నెట్టి శుద్ధి చేసే ఆర్.ఓ. ప్లాంట్లు వచ్చాయి. ఇరవై లీటర్ల క్యాన్ కొన్ని రూపాయలకు దొరుకుతుంది. పొర దాటని నీటిలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడి ఉంటుంది, చాలాచోట్ల దాన్ని పక్క కాలువలోకే వదులుతున్నారు.