నోటిపూత – పైపూత

మా అమ్మ వంటింటి అలమారలో పోపులడబ్బా పక్కన ఓ చిన్న సీసా వుండేది. వెలిగారాన్ని ఇనపగరిటెలో వేసి నిప్పులమీద పెడితే పేలాల్లా పొంగేది. దాన్ని మెత్తగా నూరి ఆ సీసాకెత్తేది. ఇంట్లో ఎవరికి నోరు పూసినా తేనెలో రంగరించి నాలికమీద అద్దేది. చిగుళ్లు వాస్తే పటికనీళ్లు పుక్కిలించమనేది. అప్పటికీ తగ్గకపోతే గవర్నరుపేట మందులషాపునుంచి జెన్షియన్ వయొలెట్ వచ్చేది. ఆ ఊదారంగు నోటితో బడికెళితే నేరేడుపళ్లు ఒక్కదానివే తిన్నావా అని ఏడిపించేవాళ్లు.

వెలిగారం, తేనె మన అమ్మమ్మల చిట్కా అని చాలాకాలం గర్వపడ్డాను. తీరా చూస్తే ఒకప్పటి బ్రిటిష్ ఫార్మకోపియాలోనూ అదే మందు వుండేది. పేరు మాత్రం లాటిన్‌లో, మెల్ బొరాసిస్! అక్కడి తల్లులూ పసివాళ్ల నోటికి అదే రాసేవారు. పిల్లలు చప్పరించే రబ్బరు పీకకి ఆ తేనె అద్ది ఇస్తే కొందరికి మూర్ఛలొచ్చిన సంగతి 1983లో వైద్యపత్రికలో వచ్చింది. మా తమ్ముడికి నెలల పిల్లాడప్పుడు అమ్మ రాసిన సంగతి గుర్తొస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

సరే, అన్నానికి కొదవలేని కృష్ణా డెల్టాలో ఇన్ని నోళ్లెందుకు పూసేవి? ఒక కారణం ఆ అన్నంలోనే వుందండీ. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి వరి విస్తరించింది. తరవాత రైసుమిల్లులొచ్చి రోకటిపోటు తప్పింది. అదెంత సుఖమో దంచిన చేతులకే తెలుసు, దాన్ని నేను తప్పు పట్టను. కాని మరబియ్యంలో తవుడు పోయింది, దాంతో బి విటమిన్లూ పోయాయి. ఉప్పుడు బియ్యంలో అయితే కొన్ని మిగులుతాయి, మనవాళ్లకి అది సయించదాయె. తవుడు గేదెకీ, మల్లెపూవులాంటి అన్నం మనకీ! దక్షిణాది పిల్లల నోటిపూతకి ఈ విటమిన్ల కొరతే కారణమని 1930లలో కూనూరు పరిశోధనశాలలో అయిక్రాయిడ్, కృష్ణన్‌లు రాశారు.

పక్క డెల్టా కథ ఇంకా పెద్దది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. నాలిక మండి, నోరు పూసి, విరేచనాలతో మనిషి చిక్కిపోతాడు. నోటిపూతకి డచ్చివాళ్లు వాడిన మాటే ఈ జబ్బుకి పేరయింది. సుబ్బారావుగారికీ అదే పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదం నిలబెట్టింది. ఆయన తరవాత అమెరికా వెళ్లారు. ఆయన నాయకత్వంలో లెడర్లీ పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. స్ప్రూ రోగుల నాలికని మాన్పింది ఆ మందే. నోట్లో పుండుకి మందు కడుపులోకి వెళ్లాల్సొచ్చిందన్నమాట.

చిగుళ్ల విషయంలో కథ తిరగబడింది. తెల్లబట్టకి మెట్రొనిడజోల్ మాత్రలు వాడిన ఒకావిడ, తన చిగుళ్ల పుళ్లు కూడా మానాయని పళ్లడాక్టరుతో చెప్పింది. షిన్ అనే ఆ లండన్ డాక్టరు కొట్టిపారెయ్యకుండా 1962లో లాన్సెట్ పత్రికకి రాశాడు. గాలి సోకని సందుల్లో పెరిగే క్రిములమీద ఆ మందు పనిచేస్తుందని అలా బయటపడింది. మింగే ఆ మందే క్లోర్‌హెక్సిడిన్‌తో కలిసి ఇవాళ చిగుళ్లకి రాసుకునే జెల్ అయి మనింటికొస్తోంది.

ఆ ట్యూబు పట్టుకునే పోయినేడు నేనూ పళ్లడాక్టరమ్మ దగ్గరికెళ్లాను. ఆవిడ ట్యూబు పక్కన పెట్టి, ముందు పళ్లగార తీయించింది. గార అలాగే వుంటే పైన ఎంత రాసినా క్రిములకి ఇల్లు పదిలంగానే వుంటుందిట. లేస్తుంటే, “ఇంట్లో ఎవరికైనా మూడువారాలు దాటినా మానని పుండుందా? పుగాకు అలవాటుంటే మరీ చూపించాలి” అంది.

గుడివాడలో మా పిన్ని గుర్తొచ్చింది. పుగాకు నములుతుంది. ఇంటికొచ్చి ఫోన్ చేస్తే, “బుగ్గలోపల పుండా? సంక్రాంతినుంచీ వుందే, జెల్ రాస్తున్నాగా!” అంది. అప్పటికి ఉగాది వెళ్లి వారమయింది. మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకే వెళ్లి తీసుకొచ్చాను.