‘నువ్వు’ అన్న గురువు, ‘మీరు’ అన్న శిష్యుడు

1862 చివర్లో గుస్తావ్ ఫ్లోబేర్ ‘సలాంబో’ నవల వచ్చినప్పుడు పారిస్ విమర్శకులు దాన్ని ఉతికి ఆరేశారు. సాంత్-బవ్ అంతటివాడు వరసగా మూడు వ్యాసాలు రాశాడు, మూడింటిలోనూ చురకలే. అలాంటి వేళ, 1863 జనవరిలో, ‘లా ప్రెస్’ పత్రికలో ఒక గొంతు ఆ నవలను మెచ్చుకుంటూ లేచింది. అది జార్జ్ సాండ్‌ది. పేరు మగది, మనిషి ఆడది. అసలు పేరు అరోర్ ద్యుపాఁ. ఫ్లోబేర్ కృతజ్ఞతగా ఉత్తరం రాశాడు.

ఉత్తరాలు చిక్కబడింది మాత్రం 1866లో. ఆ ఫిబ్రవరిలో సాండ్ మొదటిసారి మాన్యీ హోటల్లో రచయితల విందుకు వెళ్లింది. సాంత్-బవ్, గోంకూర్ సోదరుల్లాంటి వాళ్లు కూడి తిని, తాగి, ఒకరి పుస్తకాలు ఒకరు చీల్చి చెండాడుకునే మగవాళ్ల బల్ల అది. అక్కడ ఫ్లోబేర్ ఆమె పక్కన కూర్చున్నాడు. ఆగస్టుకల్లా ఆమె రువాన్ దగ్గర సెయిన్ నది ఒడ్డునున్న క్రొవాసేలో, అతని ఇంట్లో అతిథి.

ఆమె అతన్ని ‘నువ్వు’ అంటూ రాసేది. అతను ఆఖరిదాకా ‘మీరు’ దాటలేదు. ఆమె 17 ఏళ్లు పెద్ద కాబట్టి తెలుగువాళ్లకు ఇది వింతేమీ కాదు. వింతల్లా అతని సంబోధనలో ఉంది: ‘గురువు’ అనే పుంలింగ పదానికి ‘ప్రియమైన’ అనే విశేషణాన్ని స్త్రీలింగంలో తగిలించాడు. వ్యాకరణం ఒప్పుకోదు. కానీ వాక్యం కుదరక రాత్రంతా జాగారం చేసే ఆ మనిషికి తప్పేదో తెలియక కాదు. చుట్టలు కాల్చి, మగపేరుతో బతికిన ఆ స్నేహితురాలికి అంతకన్నా సరిపడే పిలుపు ఉండదు. ఆమె దృష్టిలో అతనేమో ‘ముసలి త్రుబదూర్’, పాతకాలపు పాటగాడు.

ఇంత విరివిగా రాసుకోవడానికి తపాలా కూడా కలిసొచ్చింది. 1849 దాకా ఫ్రాన్సులో దూరాన్ని బట్టి రుసుం, అదీ చాలాసార్లు అందుకున్నవాళ్ల నెత్తిన. ఆ ఏడాది జనవరి 1న తొలి స్టాంపు వచ్చింది. తేలికపాటి ఉత్తరం దేశంలో ఏ మూలకైనా 20 సాంతీములే.

ఇద్దరికీ ముఖ్యంగా ఒక విషయంలో పొసిగేది కాదు. రచయిత తన రచనలో కనపడకూడదని ఫ్లోబేర్ పట్టుదల. మనసు దాచుకుని రాసేదేం రాత అని సాండ్ నిలదీసేది. అయినా 1869లో అతని ‘సెంటిమెంటల్ ఎడ్యుకేషన్’ మీద పత్రికలు విరుచుకుపడితే, ‘లా లిబెర్తే’లో వెనకేసుకొచ్చింది ఆమే. ఆ క్రిస్మస్‌కు అతను బెర్రీ ప్రాంతంలో నొఆన్‌లో ఉన్న ఆమె ఇంటికి వెళ్లాడు. 1873లో మళ్లీ వెళ్లి, తన రచన ‘సెయింట్ ఆంథొనీ’ని గంటలకొద్దీ చదివి వినిపించాడు. అతని గోలతో అలసిపోయానని ఆ రోజుల్లో సాండ్ డైరీలో విసుక్కుంది. ప్రాణస్నేహం ఉత్తరాల్లో ఉన్నంత హాయిగా ఒకే ఇంట్లో ఉండదు మరి.

1875లో మేనకోడలి భర్త దివాలా అంచుకు చేరితే, ఆదుకోబోయి ఫ్లోబేర్ తన ఆస్తి దాదాపు అంతా పోగొట్టుకున్నాడు. క్రొవాసే ఇల్లు అమ్మకానికొస్తే, తన స్థోమతకు అందే ధరైతే తాను కొంటానని, బతికినంతకాలం అతన్నే ఉండమని సాండ్ రాసింది. ఆమేమీ ధనవంతురాలు కాదు. అదృష్టవశాత్తు ఆ అవసరం రాలేదు.

అతను నిరాశనే పంచిపెడతాడని, తాను ఓదార్పు ఇస్తానని ఆ శీతాకాలంలోనే ఆమె మందలించింది. అతను వాదించడం మానలేదు. కానీ 1876లో ఒక ముసలి పనిమనిషి, ఆమె పెంచుకున్న చిలుక కథ మొదలుపెట్టాడు. ఆ కథ, ‘ఒక సాదా హృదయం’, సగంలో ఉండగా, జూన్ 8న సాండ్ చనిపోయింది. వానలో జరిగిన అంత్యక్రియల్లో ఫ్లోబేర్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆగస్టులో కథ పూర్తిచేశాడు. దాన్ని కేవలం ఆమె కోసమే రాయడం మొదలుపెట్టానని తర్వాత ఆమె కొడుకు మోరిస్‌కు ఉత్తరం రాశాడు.