సారాయి తుమ్మ

"నాన్నా, ఇది చేదుకి, ఇది వాసనకి" అంటూ మావాడు రెండు పొట్లాలు నా ముక్కు దగ్గర పెట్టాడు. డాలస్‌లో ఉంటాడు, కారు షెడ్డులో బీరు కాచుకుంటాడు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టాక అమెరికా కేంద్ర చట్టం దానికి అడ్డు చెప్పడం మానేసిందట. ఆ పొట్లాల్లోవి బీరులో వేసే హాప్స్ పూలు. మాగ్నం రకం హాప్స్‌లో చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లం 13 శాతం దాకా ఉంటుందట. గంటసేపు మరిగిస్తే చేదు బాగా దిగుతుందట. సాజ్ రకంలో మూడు నాలుగు శాతమే, దాన్ని వాసన కోసం చివర్లో వేస్తాడట.

నాకేమో గిద్దలూరు పక్క మా ఊరి తుమ్మచెక్క గుర్తొచ్చింది.

మా వైపు సారా కాచే బెల్లం ఊటలో వేసేది తెల్లతుమ్మ బెరడు. అందుకే ఆ చెట్టుకి సారాయి తుమ్మ అనే పేరూ ఉంది. చెక్క వలవడం పిల్లల పని. రసం తగిలి కొడవలి నల్లబడేది, దాంతోపాటు మా వేళ్లూ. మర్నాడు మార్కాపురం పలక పట్టుకోగానే అయ్యవారికి దొరికిపోయేవాళ్లం. వగరు, ఇనుము కలిస్తే నలుపే. పాతకాలం సిరా తయారైందీ అలాగే.

చెక్క వేసేది మత్తు కోసమనుకుంటారు చాలామంది. కాదు. ఆ వగరు ఊటలోని మాంసకృత్తుల్ని పట్టుకుని అడుక్కి దించుతుంది. బ్రిటిషు కాలపు అటవీ గ్రంథాల్లోనూ ఇదే మాట ఉంది. హాప్స్ చేదు గ్లాసు దాకా వస్తుంది; తుమ్మ వగరు ఆవిరితో లేవదు, బానలోనే ఉండిపోతుంది.

మా బానకీ చట్టం అడ్డుండేది. 1886 మద్రాసు అబ్కారీ చట్టం ప్రకారం లైసెన్సు లేని బట్టీ నేరం. మేమప్పుడు కర్నూలు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లాలో కలిశాం, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఆ ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954లో కూలింది మద్యనిషేధం గొడవలోనే! 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. మా అమ్మ మా తాతగారి బాన దింపి బూడిద నింపుకుంది.

"ఎంత చెక్క వేసేవాళ్లు?" అన్నాడు మావాడు.

"కొలతేం లేదురా. ఊట చుక్క నాలిక్కి తగిలి మూతి ముడుచుకుంటే చాలనేవాడు మీ ముత్తాత."

కాస్త చెక్క పంపమన్నాడు. డాలస్ నుంచి ఊరికి తిరిగొచ్చాక చేను గట్లన్నీ వెతికాను. సారాయి తుమ్మ ఒక్కటీ కనపడలేదు. ఉన్నదంతా సర్కారు తుమ్మే.