కత్తెర, కాగితం, కర్బనం

నేను బి.ఏ. చదివినదాన్ని. సైన్సంటే నాకు మొదట్నుంచీ ఆమడ దూరం. మా అమ్మాయి లేజర్లు, నానో పదార్థాలు అంటూ ఎం.ఎస్‌సి. ఫిజిక్సుకి వెళ్తానంటే, "ఆ పెద్ద పెద్ద యంత్రాల గొడవ మనకెందుకే? హాయిగా బి.ఎడ్. చెయ్యి" అన్నాను. అది వాదించలేదు. కూచోబెట్టి ఓ కథ చెప్పింది.

1985 సెప్టెంబరు. అమెరికాలో హ్యూస్టన్ నగరం, రైస్ విశ్వవిద్యాలయం. అక్కడ రిచర్డ్ స్మాలీ దగ్గర ఓ యంత్రం వుండేది. అందులో గ్రాఫైటు మీద లేజరు కాంతి పడుతుంది. గ్రాఫైటంటే మరేం లేదు, మన పెన్సిల్లో వుండేదే. సెకనులో వందకోట్లవ వంతులు కొన్ని, అంతే! అక్కడి కర్బనం ఆవిరైపోతుంది. హీలియం వాయువు ఆ ఆవిరిని చల్లబరుస్తుంది. చల్లారుతూ పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులు కడతాయి.

నక్షత్రాల దగ్గర కర్బనం గొలుసులు ఎలా పుడతాయో తెలుసుకోవాలని ఇంగ్లండు నుంచి హారీ క్రోటో వచ్చాడు. తీరా చూస్తే, సరిగ్గా 60 పరమాణువులున్న గుంపే ఎక్కువగా కనబడుతోంది. 1984లో ఎక్సాన్ కంపెనీ శాస్త్రవేత్తల గ్రాఫులోనూ ఆ 60 వుంది. వాళ్ళు దాటి వెళ్ళిపోయారు. ఇక్కడి విద్యార్థులు జేమ్స్ హీత్, షాన్ ఓబ్రయన్ మాత్రం వదల్లేదు. ఆ 60 స్పష్టంగా తలెత్తేదాకా యంత్రాన్ని సవరిస్తూ కూచున్నారు.

సరే, ఆ 60 ఎలా అమరినట్టు? హీత్, అతని భార్య ఇంట్లో మెత్తటి మిఠాయి బిళ్ళలకి పుల్లలు గుచ్చి చూశారు. కుదర్లేదు. స్మాలీ కంప్యూటరుతో కుస్తీపట్టి విసిగి, రాత్రివేళ కాగితం, కత్తెర తీశాడు. ఆరు భుజాల ముక్కలే అతికిస్తే బల్లపరుపుగా వచ్చింది. తన పిల్లల కోసం అట్టతో చేసిన నక్షత్రాల గోళంలో అయిదు భుజాల ముక్కలున్నాయని క్రోటో అన్నమాట అప్పుడు గుర్తొచ్చింది. అవి 12, ఇవి 20 కలిపేసరికి బంతి తయారు! లెక్కపెడితే మూలలు 60. అచ్చం ఫుట్‌బాలే.

రవికె కుట్టే మనకిది కొత్తా? గుడ్డని అక్కడక్కడ మడిచి కుడితేనేగా గుండ్రం తిరిగేది! అయిదు భుజాల ముక్క చేసేదీ ఆ పనే.

ఆ బంతి వెడల్పు సుమారు ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు. 1995లో స్మాలీ బృందం గ్రాఫైటులో కాస్త లోహం కలిపి, లేజరుతోనే నానో గొట్టాలూ చేసింది.

1996లో నోబెల్ బహుమతి స్మాలీకి, క్రోటోకి, రాబర్ట్ కర్ల్‌కి వచ్చింది. ముగ్గురికి మించి పంచరట. విద్యార్థుల పేర్లు పరిశోధనా పత్రంలో వున్నాయి, బహుమతిలో లేవు. ఇక పుల్లలు గుచ్చిన ఇల్లాలి సంగతి అడగాలా!

"పెద్ద యంత్రం ఆవిరి చేసిందమ్మా. ఆకారం దొరికింది మాత్రం కత్తెరతోనే" అంది మా అమ్మాయి.

నేను మాట్లాడలేదు. పాత క్యాలెండరు తెచ్చి, ఇద్దరం ముక్కలు కత్తిరించాం. నా బంతి కాస్త వంకరే గానీ, మూసుకుంది. ఆ తర్వాత మా ఇంట్లో బి.ఎడ్. మాట ఎవరూ ఎత్తలేదు.