గండికోట గాదె, బడి పిల్లల కంచం

పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పారే చోట, గండికోట లోపల జామియా మసీదుకు దగ్గరలో కమాను కప్పుతో కట్టిన పెద్ద ధాన్యాగారం ఇప్పటికీ నిలిచి ఉంది. కోటలో గింజలు దాచేది ముట్టడి కాలంలో సైన్యం ఆకలికి లొంగిపోకుండా ఉండటానికి. పెమ్మసాని నాయకులు ఏలినా, 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నా, ఆ గాదె ఎవరి కోసమన్న ప్రశ్నకు జవాబు మారలేదు. వాన మొహం చాటేసిన ఏడాది చుట్టుపక్కల పల్లెల పిల్లలకు అందులోని గింజల మీద హక్కు లేదు. ధాన్యం ఉండటం వేరు, ఆకలిగొన్నవాడికి దాని మీద హక్కు ఉండటం వేరు. కడప, కర్నూలు సీమలో చదువు చరిత్రను నడిపించింది ఈ తేడాయేనని నా వాదన. ఇక్కడ బళ్ళు మూతపడింది చదువు మీద ఆసక్తి లేక కాదు, కడుపు నిండక. తిండినీ చదువునూ ఒకే బాధ్యతగా చూసిన దేశాలు ముందుకు పోయాయి. మనల్ని ఏలినవాళ్ళు ఆ రెంటినీ విడదీశారు.

దేశాల చదువులను పోల్చి చూడటం మన సీమకు కొత్త కాదు. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి అప్పగించాక మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరై, 1822లో ప్రెసిడెన్సీ అంతటా బళ్ళ లెక్కలు తీయించాడు. దాదాపు 1 కోటి 28 లక్షల జనాభాకు 12,498 బళ్ళు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. ఇంగ్లండుతో పోలిస్తే ఇది తక్కువే అయినా, యూరప్‌లో చాలా దేశాల నిన్నమొన్నటి స్థితి కంటే మెరుగని ఆయన 1826లో రాశాడు. ఆ లెక్కల్లో అన్నిటికంటే విలువైనది 1823లో బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ పంపిన నివేదిక. ఇప్పటి అనంతపురం, ఆదోని ప్రాంతాలు కూడా అప్పట్లో బళ్ళారి జిల్లాలోనివే. అక్కడ 533 విద్యాలయాలు ఉండేవి. వాటిలో 235 కన్నడ బళ్ళు, 226 తెలుగు బళ్ళు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పే మన వీధిబడి పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం సమంజసమేనని ఆయన మెచ్చుకున్నాడు. కానీ అసలు సంగతి వేరే చోట ఉంది. ఒకప్పుడు బడి ఉన్న ఊళ్ళు చాలావాటిలో ఇప్పుడు బడి లేదని, జనం పేదబడి పిల్లల కాళ్ళూ చేతులూ కాస్త కుదురుకోగానే పనికి పంపుతున్నారని, విదేశీ సరుకు వచ్చి చేతివృత్తులవాళ్ళ రాబడి పడిపోయిందని ఆయన కారణాలు చెప్పాడు. ఈ 533 విద్యాలయాల్లో ఒక్కదానికీ ప్రభుత్వ సాయం అందడం లేదని సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు.

ఈ లెక్కలు చూసి పాత బళ్ళను స్వర్ణయుగంగా కొలిచేవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. అదే బళ్ళారి లెక్కలో 6,641 మంది విద్యార్థులుంటే ఆడపిల్లలు 60 మందే. అస్పృశ్యులుగా ఊరి బయట ఉంచిన కులాల పిల్లలకు ఆ అరుగుల మీద చోటు లేదు. కాబట్టి పాత బడిని తిరిగి తెచ్చుకోవాలని కాదు. రెండు దేశాలు దాదాపు ఒకే కాలంలో ఎదుర్కొన్న సమస్యకు ఖజానా ఎలా స్పందించిందో చూడాలి. ఇంగ్లండు 1833లో బళ్ళకు 20 వేల పౌండ్లతో మొదలుపెట్టి, 1870లో బడి లేని చోట బడి కట్టే చట్టం తెచ్చి, 1880లో చదువును నిర్బంధం చేసి, 1891 నాటికి ప్రాథమిక విద్యను దాదాపు ఉచితం చేసింది. ఇక్కడ 1813 చార్టర్ చట్టం దేశం మొత్తానికి ఏడాదికి లక్ష రూపాయలు కేటాయించింది. తహశీలుకొకటి చొప్పున ఉండాలని మన్రో ఆశపడ్డ బళ్ళను ఆయన పోయిన పదేళ్ళు తిరగకముందే, 1836లో ఎత్తేశారు.

ఈ వ్యత్యాసం ఎంత క్రూరమైనదో 1876లో మొదలైన ధాత కరువు చూపింది. లండన్‌లో కొత్త చట్టం కింద బళ్ళ భవనాలు లేస్తున్న ఆ సంవత్సరాల్లోనే, మద్రాసు ప్రెసిడెన్సీ కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను, అంటే అరకిలో కూడా లేని ధాన్యం, ఒక అణా చాలునని భారత ప్రభుత్వ కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. కష్టం చేసేవాడు ఈ కూలితో బతకలేడని ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ కార్నిష్ అభ్యంతరం చెప్పాడు. సాయం ఎంత చేదుగా ఉంటే జనం అంత తక్కువగా అడుగుతారన్నది 1834 నాటి ఇంగ్లండు పేదల చట్టం నేర్పిన సూత్రం. దాన్నే ఎండిన సీమ మీద ప్రయోగించారు. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. ధాత కరువుకు పదేళ్ళ ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు. సీమ ఆయన్ను ఇప్పటికీ పాటల్లో తలుచుకుంటుంది. ఆ గొప్ప మనసుకు చేతులెత్తి మొక్కాలి. కానీ దాత గాదె మీద ఆధారపడిన బతుకు, ఆ దాత లేని ఊళ్ళో ఏమవుతుందో కూడా అడగాలి.

ఇరవయ్యో శతాబ్దంలో కొన్ని దేశాలు ఈ ప్రశ్నకు జవాబును చట్టంలో రాశాయి. బోయర్ యుద్ధానికి వచ్చిన యువకుల్లో ఎందరో శరీరదార్ఢ్యం లేనివాళ్ళని తేలాక, ఇంగ్లండు 1906లో బడిలో భోజనం పెట్టే అధికారాన్ని స్థానిక సంస్థలకిచ్చింది. ఫిన్లాండు 1943లో చట్టం చేసి, 1948 నుంచి బడి పిల్లలందరికీ ఉచిత భోజనం పెట్టింది. జపాన్ 1954లో బడి భోజన చట్టం తెచ్చింది. అవి సంపన్న దేశాలు, మనకు వాటితో పోలికేమిటని కొందరు అంటారు. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు. 1943లో ఫిన్లాండు యుద్ధంలో ఉంది. 1954 జపాన్ ఓటమి నుంచి ఇంకా కోలుకుంటున్న దేశం. సంపద వచ్చాక అన్నం పెట్టలేదు వాళ్ళు. అన్నం పెట్టి, చదివించి, ఆ తర్వాత సంపన్నులయ్యారు. చిన్న దేశాల ముచ్చట పెద్ద దేశానికి పనికిరాదన్నవాళ్ళకు, 1956లో ముఖ్యమంత్రి కామరాజ్ పక్కనే ఉన్న మద్రాసు రాష్ట్రంలో మొదలుపెట్టిన బడి భోజన పథకమే జవాబు.

మన దగ్గర హక్కు న్యాయస్థానం దారిన వచ్చింది. భారత ఆహార సంస్థ గోదాముల్లో గింజలు పేరుకుపోయి, పల్లెల్లో జనం పస్తులుంటున్న కాలంలో, 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టి తీరాలని ఆదేశించింది. కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని కొలత కూడా చెప్పింది. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో అమలు మొదలైంది. 2004లో కరువు ప్రాంతాల పిల్లలకు వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలన్న మరో ఆదేశం వచ్చింది. రాయలసీమకు అన్నిటికంటే కావలసినది ఈ చివరి ఆదేశమే.

భోజనం వచ్చాక బడి సత్రంలా మారిందని, పంతుళ్ళకు బియ్యం లెక్కలే సరిపోతున్నాయని ఇప్పటి ఫిర్యాదు. అందులో నిజముంది. అన్నం చదువుకు బదులు కాదు. ఫిన్లాండు భోజనంతో ఆగకుండా ఉపాధ్యాయుడికి మాస్టర్స్ స్థాయి శిక్షణను తప్పనిసరి చేసింది. మనం మొదటి సగం మాత్రమే తీసుకున్నాం, అదీ దయగా. అందుకే ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంది. వంట చేసే ఆడవాళ్ళకు ఇచ్చేదాన్ని జీతం అనకుండా గౌరవ వేతనం అంటారు, అదీ ఏళ్ళ తరబడి నెలకు 3,000 రూపాయలే. బియ్యం లెక్కలకు వేరే మనిషిని పెట్టి పంతులును పాఠానికి వదిలేయాలి. వంటమ్మకు కనీస వేతనం ఇవ్వాలి. కరువు మండలాల్లో వేసవి భోజనం ప్రతి ఏడాదీ అడగకుండానే అందాలి. ఈ మూడింటికీ కొత్త సిద్ధాంతం అక్కర్లేదు, బడ్జెట్‌లో పద్దు కావాలి. దాన్ని అడగాల్సింది ఆ పిల్లల తల్లిదండ్రులు మాత్రమే కాదు, ఈ సీమలో ఓటున్న ప్రతి ఒక్కరూ.