పైపు పొగాకులోని పరిమళము ఎక్కడిది?

సువాసన పైపు పొగాకు డబ్బా మూత తీయగానే గుప్పుమని వచ్చు వాసన పొగాకుది కాదు. అందు వెనిల్లా కలదు, లేతపాకపు తీపి కలదు. వీని అడుగున, కోసి ఆరవేసిన గడ్డి ఎండలో వెలువరించునట్టి మెత్తని వాసన యొకటి చాలకాలము ఉండెడిది. గుంటూరు సీమలో పొగాకు బ్యారన్ల ప్రక్కన పెరిగిన విద్యార్థులకు ఆకు వాసన ఎట్టిదో చెప్పనక్కరలేదు; ఇట్టి డబ్బాను ముందు పెట్టినచో వారు తప్పక అనుమానింతురు. ఆ అనుమానము సహేతుకమే. డబ్బాలోని పరిమళము పొగాకు చేనిలో పుట్టినది కాదు. ఆ ఎండుగడ్డి వాసన మొదట దక్షిణ అమెరికా అడవులనుండి వచ్చెను, తరువాత రసాయన ప్రయోగశాలనుండి వచ్చెను.

పరిమళమును ఇముడ్చుకొనుటకు తగిన ఆకు ముందు కావలెను. వర్జీనియా ఆకును బ్యారనులో వేడిగాలితో త్వరగా ఎండబెట్టుదురు గనుక అందలి చక్కెర చాలవరకు మిగిలిపోవును. బర్లీ ఆకు సంగతి వేరు. దానిని నీడలో గాలికి వారముల తరబడి ఆరనిత్తురు. కోసిన పిమ్మట కూడ ఆకు కొన్నాళ్లు బ్రతికియే యుండి, శ్వాసక్రియలో తన చక్కెరను తానే ఖర్చుపెట్టుకొనును. చివరకు తీపి లేని, గుల్లబారిన ఆకు మిగులును. 1864లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున నారుమళ్లలో వెలవెలబోయిన కొన్ని మొక్కలు కనబడెను. పత్రహరితము తక్కువైన ఆ మొక్కలనుండియే తెల్ల బర్లీ రకము వచ్చినది. ఇది స్పంజి వలె ద్రవములను పీల్చును. మొదట చక్కెర పాకము, అతిమధురపు రసము, కోకో మొదలగువానిలో ఆకును నానబెట్టి, ఆరబెట్టి, తరిగిన పిమ్మట పైపైన వెనిల్లా వంటి సుగంధములను చిలకరింతురు. మన గోదావరి మన్యములోను, వినుకొండ ప్రాంతమునను కూడ బర్లీ పండుచున్నది.

ఇక ఎండుగడ్డి వాసన కథ. గయానా, వెనిజులా, బ్రెజిలు దేశముల అడవులలో టాంకా అను పెద్ద చెట్టు కలదు. మన చిక్కుడు, కంది చేరిన కుటుంబమునకు చెందినదే. దాని గింజ ఎండినపుడు నల్లగా ముడుతలు పడును. రమ్ములో నానవేసి ఆరబెట్టినచో పైన తెల్లని సన్నని స్ఫటికములు నూగువలె ఏర్పడును. 1820లో మ్యూనిక్ నగరమున వోగెల్ అను శాస్త్రజ్ఞుడు ఈ గింజనుండి స్ఫటికములను వేరుచేసి, అవి బెంజోయిక్ ఆమ్లమని భావించెను. అదే సంవత్సరము ఫ్రాన్సులో గిబూర్ అవి వేరొక పదార్థమని గుర్తించి, ఆ చెట్టునకు అమెరికా ఆదివాసులు పెట్టుకొన్న పేరునుండియే ‘కూమరిన్’ అను పేరు కల్పించెను. రూపము చూచి పదార్థమును నిర్ణయించుట ఎంత కష్టమో ఈ ఉదంతము చెప్పును. తెల్లని స్ఫటికము లన్నియు కంటికి అక్కచెల్లెండ్రే!

1856లో, 18 ఏండ్ల ప్రాయమున, నేలబొగ్గు తారునుండి ఊదారంగును తయారుచేసి పేరుపొందిన విలియం పెర్కిన్ 1868లో కూమరిన్‌ను ప్రయోగశాలలో నిర్మించెను. సాలిసిలాల్డిహైడు యొక్క సోడియం లవణమును ఎసిటిక్ ఎన్‌హైడ్రైడుతో వేడిచేయగా అడవి గింజలోని పదార్థమే లభించెను. నేటికిని కళాశాల విద్యార్థులు చదువు పెర్కిన్ చర్య ఇదియే. 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ అనువారు వెనిల్లాలోని ముఖ్య పదార్థమగు వెనిలిన్‌ను సైతము తయారుచేసిరి. ఇట్లు ఆరేండ్లలోపల రెండు ప్రధాన సుగంధములు అడవి చేతినుండి తప్పించుకొన్నవి. అయినను పొగాకు వ్యాపారులు మొక్కలను పూర్తిగా విడువలేదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రములలో ‘లేడినాలుక’ అని పిలువబడు అడవి మొక్క ఆకులను ఏరించి, ఎండబెట్టి, పొగాకులో కలిపెడివారు. అందును ఉన్నది కూమరినే. పచ్చి ఆకునకు అంత వాసన యుండదు. బ్రతికియున్న మొక్కలో కూమరిన్ యొక్క పూర్వరూపము చక్కెరతో బంధింపబడి యుండి, ఆకు వాడి కణములు చెదిరినపుడే విడివడును.

ఈ పదార్థమునకు ఒక చెడ్డ బంధువు కలదు. 1920 ప్రాంతమున ఉత్తర అమెరికాలో బూజుపట్టిన తీపి క్లోవర్ గడ్డి మేసిన పశువులు లోపల రక్తము స్రవించి చచ్చుచుండెడివి. 1933లో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకడు మంచుతుపానులో ప్రయాణముచేసి, చచ్చిన పెయ్యను, పాలక్యానునిండ గడ్డకట్టని రక్తమును విశ్వవిద్యాలయమునకు తెచ్చెను. అచటి రసాయనశాస్త్రజ్ఞుడు కార్ల్ లింక్, ఆయన సహచరులు ఆరేండ్లు శ్రమించి 1939లో దోషియగు డైకూమరాల్ స్ఫటికములను పట్టుకొనిరి. బూజు చేసిన పని ఇది. దీనినుండి పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అంగడికి వచ్చి, 1954లో రోగులకు ఔషధమాయెను. కొందరు కూమరిన్ కూడ రక్తమును గడ్డకట్టనీయదని వ్రాయుదురు, అది సరికాదు. కూమరిన్‌కు ఆ గుణము లేదు. దాని దోషము వేరుచోట నున్నది: కాలేయమున.

ఎలుకలకును కుక్కలకును కూమరిన్ తినిపించగా వాని కాలేయములు చెడినవి. అందుచేత 1954లోనే, అనగా వార్ఫరిన్ ఔషధమైన ఏటనే, అమెరికా ప్రభుత్వము ఆహారపదార్థములలో కూమరిన్ కలుపుటను నిషేధించెను. కాని పొగాకు ఆహారము కాదు గదా! మిఠాయిలోనుండి తొలగింపబడిన సుగంధము పైపు పొగాకులో నిలిచిపోయెను. నా దృష్టిలో ఈ చరిత్ర అంతటిలో ఆలోచింపవలసిన ఘట్టము ఇదియే. పదార్థము మారలేదు, మనుష్యుడు మారలేదు. చట్టము చూచినది డబ్బాపైని పేరునే.

తరువాతి కథ 1990 దశాబ్దమున నడచెను. బ్రౌన్ అండ్ విలియమ్సన్ అను అమెరికా పొగాకు కంపెనీలో జెఫ్రీ వైగాండ్ అను జీవరసాయన శాస్త్రజ్ఞుడు పరిశోధనాధిపతిగా నుండెను. ‘సర్ వాల్టర్ రాలీ’ అను పైపు పొగాకులో కూమరిన్ ఉండరాదని తాను చెప్పితిననియు, తీసివేసినచో అమ్మకములు తగ్గునని పై అధికారులు నిరాకరించిరనియు ఆయన తరువాత వెల్లడించెను. ఆయన ఆరోపణలను కంపెనీ ఖండించెను. 1993లో ఆయనను ఉద్యోగమునుండి తొలగించిరి.

ఇచట తూకము తప్పరాదు. కూమరిన్ మనుష్యులలో కాన్సరు కలిగించునో లేదో నిర్ణయించుటకు తగిన ఆధారములు లేవని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2000లో తేల్చినది. మనము దాల్చినచెక్క యని కొను కేసియా బెరడులోను ఈ పదార్థము కలదు. దినమునకు శరీరపు బరువులో కిలోకు 0.1 మిల్లీగ్రాము వరకు, అనగా 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు, సహింపదగినదని ఐరోపా నిపుణులు లెక్కకట్టిరి. మసాలాలో వేయు చిటికెడు పొడికి భయపడ నవసరము లేదు. మరి కూమరిన్ తీసివేసిన పైపు నిరపాయమా? కానే కాదు. పైపు పొగ నోటికిని, గొంతునకును, ఊపిరితిత్తులకును కాన్సరు తెచ్చుననుట స్థిరపడిన విషయము. దానికి ఆకును కాల్చుటయే చాలును. పరిమళము చేయు పని అందలి ఘాటును కప్పివేసి, పొగను అతిథివలె ఇంటిలోనికి రానిచ్చుట. పైగా అదే వాసనను విడువక పీల్చు ముక్కు కొంతసేపటికి దానిని గుర్తించుట మానివేయును. అందుచే పైపు తాగువాని కంటె ప్రక్కగదిలో కూర్చున్నవారికే ఆ సువాసన బాగుగ తెలియును.

వైగాండ్ 1995 నవంబరు 29వ తేదీన మిసిసిపీ రాష్ట్రపు వ్యాజ్యములో ప్రమాణపూర్వకముగ సాక్ష్యమిచ్చెను. 1996 ఫిబ్రవరిలో ఆయన మాటలు టెలివిజనులో దేశమంతటను ప్రసారమైనవి. అప్పటికి ఆయన లూయీవిల్ నగరమున ఒక ఉన్నత పాఠశాలలో, మునుపటి జీతములో పదవవంతు జీతమునకు, పిల్లలకు రసాయనశాస్త్రమును జపాను భాషను బోధించుచుండెను.